అక్క కూర్చునే సీటు

మీరేం చూశారో ముందు అది చెప్పండి. రోజూ పొద్దున్న ఆ నల్ల కారు మీ వీధిలోంచే పోయేది కదా. గుండ్రటి దీపాలు, తలుపు కింద పొడవాటి మెట్టు పలక, గేరు మార్చినప్పుడల్లా ఎవరో గొంతు సవరించుకున్నట్టు చప్పుడు. స్టీరింగు దగ్గర ముసలాయన కూర్చునేవాడు. మరి ఆయన పక్క సీటు? నసగకండి. ఖాళీగా ఉండేదని మాత్రం అనకండి. ఖాళీ సీటు అంత లోతుకి దిగిపోదు. ఒక నిండు మనిషి కూర్చున్నట్టు గుంట పడి ఉండేది. మలుపులో ఆ గుంట కాస్త ఇటు ఒరిగేది, బ్రేకు వేస్తే కాస్త ముందుకి జరిగేది. చూశారు. చూసి మీ పని మీరు చేసుకుపోయారు. అందులో తప్పేమీ లేదు, అందరూ అంతే చేశారు. పెట్రోలు బంకువాడు ఆవిడ వైపు అద్దం కూడా తుడిచి, "నమస్కారం అమ్మగారూ" అనేవాడు. కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు ముందు ఆ సీటు వైపు తలవంచి, తర్వాతే ముసలాయనకి చెయ్యి ఊపేవాడు. ఎవరికైనా లిఫ్టు ఇస్తే వాళ్ళు అడక్కుండానే వెనక తలుపు తీసుకుని ఎక్కేవాళ్ళు.

ఆ ముసలాయన అచ్చాఫీసులో ప్రూఫులు దిద్ది రిటైరైనవాడు. ఉద్యోగం ముగిసినా చెయ్యి ఊరుకోలేదు. కొట్ల మీది బోర్డుల్లో దీర్ఘం లేకపోతే లోపలికెళ్ళి చెప్పి వచ్చేవాడు. అందుకని ఊరంతా దిద్దుబాటు మాస్టారు అని పిలిచేది. పక్క సీట్లో కూర్చునేది ఆయన భార్య. నిరుడు వానాకాలంలో చచ్చిపోయింది.

ఆ కారుని ఆవిడే ఏరి తెచ్చుకుంది. పాత సామాన్ల దొడ్లో చక్రాల్లేకుండా, పిచ్చిమొక్కల మధ్య పడి ఉన్నదాన్ని చూసి, "దీని మొహం చూడండి, ఎవరో రమ్మంటారని ఎదురు చూస్తోంది" అందట. మాస్టారు నెత్తీ నోరూ కొట్టుకున్నా వినలేదు. దానికి ప్రాణం పోసింది ఆవిడ తమ్ముడు. అతనికి రేకుల షెడ్డులో సొంత మరమ్మత్తు పని. అందరూ మేస్త్రీ అంటారు. కొత్త కార్లు అతని దగ్గరికొస్తే వేరేచోటికి పొమ్మంటాడు. పాత ఇంజను చప్పుడు వినబడితే అన్నం ముందు నుంచి లేచొస్తాడు.

మాస్టారు రోజూ తిరుగుడు అయ్యాక ఆ షెడ్డు ముందు కారు ఆపేవాడు. మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి, పక్క కిటికీలోంచి తల లోపలికి పెట్టేవాడు.

"ఏం అక్కా, ఈయన నిన్ను సరిగ్గా తిప్పుతున్నాడా, గుంటలన్నీ వెతికి మరీ దింపుతున్నాడా?"

"నా సంగతి తర్వాత. ఆ సీటు స్ప్రింగు మార్చాలిరా. పోయాకైనా మీ అక్క చిక్కుతుందనుకున్నాను" అనేవాడు మాస్టారు.

"బతికుండగా అనాల్సింది బావా ఆ మాట."

"అన్నాను. ఆ పూట కూరలో ఉప్పు లేదు. మర్నాడు కూరే లేదు."

ఇద్దరూ నవ్వేవాళ్ళు. సీటు కిర్రుమనేది. ఆ కిర్రు విని ఇద్దరూ మరింత నవ్వి, ఆ తర్వాత ఎవరి మొహం వాళ్ళు పక్కకి తిప్పుకునేవాళ్ళు.

ఇదంతా మొదలైంది మాస్టారు చేసిన ఒక తెలివితక్కువ పని వల్ల. ఆవిడ ఊపిరి ఆగిపోయిన పొద్దున, ఆస్పత్రి నుంచి కారు తోలుకుంటూ ఆయన ఒక్కడే ఇంటికొచ్చాడు. ఏం చెయ్యాలో తోచలేదు. కారు కడగడం ఎప్పుడూ ఆవిడ పని. ఆవిడ వచ్చేసరికి మురికిగా ఉంటే ఊరుకోదని ఏదో పిచ్చి ఆలోచన వచ్చింది. బానెట్ ఎత్తి, నిప్పులా కాగుతున్న ఇంజను మీద బకెట్టెడు చన్నీళ్ళు కుమ్మరించాడు. బుస్సుమని ఆవిరి లేచింది. టంగుమని ఒక చప్పుడు వినబడింది. అప్పుడు బీటవారింది మానిఫోల్డ్. ఇంజనులో కాలిన పొగనంతా ఒకచోటికి పోగుచేసి సైలెన్సరు గొట్టంలోకి తోసే పోత ఇనుప ముక్క అది. పోత ఇనుముకి వేడి పడుతుంది, చలి పడుతుంది, రెండూ ఒక్కసారిగా పడితే తట్టుకోలేదు. మనిషీ అంతే గానీ, ఇప్పుడా మాట వద్దు.

వెంట్రుక మందం బీట. అందులోంచి పొగ బయటికి చిమ్మేది. పెడళ్ళ చుట్టూ ఉండే రబ్బరు ఎప్పుడో చీకిపోయింది, ఆ సందుల్లోంచి పొగ కారు లోపలికొచ్చేది. ఇంజను వేడెక్కి, లోపల ఆ వాసన కమ్ముకోగానే, పక్క సీటు మెల్లగా కిందికి దిగేది. చీర కుచ్చిళ్ళు సర్దుకుంటూ కూర్చునే మనిషి ఎంతసేపు తీసుకుంటుందో అంతసేపు తీసుకునేది.

ఆ సందులు మూసేస్తే పోయేదిగా అంటారు మీరు. తీరిగ్గా కూర్చుని చెప్పడం ఎవరికైనా వస్తుంది. మూశాడు. మేస్త్రీకి మూయడం తెలీకనా? కొత్త రబ్బరు వేసి, పైన తారు పూశాడు. మర్నాడు మాస్టారు ఊరంతా తిరిగినా సీటు దిగలేదు. షెడ్డు ముందుకొచ్చి, కారు దిగకుండానే వంగి, ఆ రబ్బరుని గోళ్ళతో పీకి రోడ్డు మీద పారేశాడు. మేస్త్రీ ఆ ముక్కల్ని ఏరి పక్కన పడేశాడు గానీ మళ్ళీ వెయ్యలేదు. ఎందుకేస్తాడు? కిటికీలోంచి తల పెట్టి "అక్కా" అంటే పలకని రోజు అతనికీ అదే మొదటిది. కిటికీలన్నీ తెరిచి తోలితే ఆవిడ వచ్చీరానట్టు, సీటు అంచున కూర్చున్నట్టు వచ్చేది. కిటికీలు బిగిస్తే నిండుగా వచ్చేది. మాస్టారు కిటికీలు బిగించే తోలేవాడు.

ఆయనకి తలనొప్పి మొదలైంది. వాంతులు పట్టుకున్నాయి. చొక్కా గుండీలు ఒకదానిది ఇంకోదానికి పెట్టుకుని వచ్చేవాడు. ఒకరోజు ఒక కొట్టు బోర్డు మీద "బట్టలు" అన్న మాట ముందు చాలాసేపు నిలబడి, అందులో తప్పుందో లేదో తేల్చుకోలేక వెనక్కొచ్చేశాడు. ఊరి తప్పులన్నీ పట్టుకున్న మనిషి అలా అయిపోయాడు.

ఆయన కూతురు ఆస్పత్రిలో రక్తపరీక్షలు చేస్తుంది. తండ్రి వేలు గుచ్చి, చూసి, నేరుగా షెడ్డుకొచ్చింది.

"మావయ్యా, నాన్న రక్తంలో అంతా పొగే. ఇలాగే తోలితే ఏదో ఒకరోజు స్టీరింగు మీద నిద్రపోతాడు. ఆ నిద్రలోంచి లేవడు. ఆ బీటవారిన ముక్క మార్చెయ్యి."

"మార్చాలంటే ముక్క దొరకాలి కదమ్మా. ఎప్పటి బండో..."

"దొరకదా? నువ్వు వెతకవా?"

మేస్త్రీ స్పానర్ని అటూ ఇటూ తిప్పాడు. "అతుకు పెట్టి చూస్తాలే తల్లీ."

"పోత ఇనుముకి అతుకు నిలవదని నా చిన్నప్పుడు నువ్వే చెప్పావు."

 ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మావయ్యా, అమ్మ ఆ సీట్లో కూర్చుంటున్నప్పట్నుంచీ నేను ఆ కారెక్కలేదు, గమనించావా? నాకు ఆశ లేకనా? ఎక్కితే దిగనని నాకు తెలుసు. అందుకే ఎక్కలేదు. నువ్వూ నాన్నా మాత్రం హాయిగా నవ్వుకుంటున్నారు."

ఆ ముక్క నిజానికి దొరకనిదేం కాదు. అదే రకం కారుది, పగుళ్ళు లేనిది, తుప్పు రాలగొడితే కొత్తదానిలా ఉన్నది, మేస్త్రీ షెడ్డు అటక మీద గోనెసంచిలో ఎప్పట్నుంచో ఉంది. అతను దాన్ని కిందికి దించలేదు, అంతే. తిట్టాలనుంటే తిట్టండి. కానీ తిట్టే ముందు మీ ఇంట్లో ఎవరి గొంతు ఆగిపోయిందో ఒకసారి తలుచుకోండి.

తర్వాత వాన వచ్చింది. పొద్దున్నే పట్టుకుని వదలకుండా కురిసింది. మాస్టారు అద్దాలు పైదాకా బిగించి బయల్దేరాడు. ఆవేళ సీటు ఎప్పుడూ దిగనంత లోతుకి దిగిందట. కూడలి దగ్గర ఎర్రదీపం పడితే ఆగాడు. పచ్చదీపం వచ్చింది. కారు కదల్లేదు. వెనక హారన్లు మొదలయ్యాయి. కానిస్టేబులు తిట్టుకుంటూ వచ్చి చూస్తే మాస్టారి తల స్టీరింగు మీద ఉంది.

"నేను ఇటు తలుపు లాగుతున్నాను మేస్త్రీ, రావట్లేదు, లోపల గడియ పడి ఉంది" అని చెప్పాడు కానిస్టేబులు ఆ తర్వాత, టోపీలోంచి నీళ్ళు పిండుకుంటూ. "అంతలో అటు తలుపు తెరుచుకుంది. అమ్మగారే తీశారు. సీటు పైకి లేచింది. దిగిపోయారు, అంత వానలో. తలుపు బార్లా తీసి వదిలేసి మరీ దిగారు. గాలి రివ్వున లోపలికి కొట్టింది, పొగంతా పోయింది. నేను అటు తిరిగెళ్ళి ఆయన్ని బయటికి లాగాను. ఇంకాస్తయితే నా చేతుల్లోనే పోయేవారు."

ఆస్పత్రి మంచం మీద కళ్ళు తెరిచిన మాస్టారు మేస్త్రీ చెయ్యి పట్టుకుని మొదట అన్న మాట ఇది: "వాన్లో దిగిపోయిందిరా మీ అక్క. తడిసిపోయి ఉంటుంది. దానికసలే ఊపిరితిత్తులు మంచివి కావు."

"బావా, అక్క నీకోసమే దిగింది. నువ్వెళ్ళి మళ్ళీ ఎక్కించుకుంటే మళ్ళీ దిగాలి. ఎన్నిసార్లు దింపుతావు?"

మాస్టారు గోడ వైపు తిరిగాడు. "మార్చేద్దాంలే" అన్నాడు, ఇంకెవరి కారు గురించో అన్నట్టు.

అనుకున్న రోజు వచ్చింది. ఆ ముందురోజే మేస్త్రీ నట్లన్నిటికీ నూనె పట్టించి నానబెట్టాడు. ఏళ్ళ తరబడి వేడికి కాలిన నట్టు చల్లగా ఉన్నప్పుడు రాదు, బలవంతపెడితే దాన్ని పట్టి ఉంచే మరచువ్వ, స్టడ్డు, పుటుక్కుమంటుంది. ఇంజను నడిపి, ఇనుము బాగా వేడెక్కాక, ఆ వేడి మీద తిప్పాలి. పద్ధతి అది. అంటే ఇంకొక్కసారి ఇంజను నడపాలి. ఇంకొక్కసారి ఆవిడ వస్తుంది.

కూతురు షెడ్డు గుమ్మం దగ్గర నిలబడింది. "అద్దాలు తీసి ఉంచండి" అంది. ఇద్దరు మగవాళ్ళూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "సరే. బిగించుకోండి. కాసేపే. నేను అద్దం కొడితే దిగిపోవాలి" అంది మళ్ళీ.

మాస్టారు స్టీరింగు దగ్గర కూర్చున్నాడు. మేస్త్రీ వెనక సీట్లో కూర్చున్నాడు. అక్కాబావా షికారుకి పోయినప్పుడల్లా వెనక్కి చేరి, ఇద్దరి మధ్యలోంచి తల ముందుకి పెట్టి ఇంజను చప్పుడు వినడం అతనికి అలవాటు. ఇంజను అందుకుంది. వాసన వచ్చింది. సీటు దిగింది, నిదానంగా, ఏ తొందరా లేకుండా.

"తడి ఆరిందా?" అని అడిగాడు మాస్టారు.

ఆ గుంట వైపు చెయ్యి చాపి, ఎక్కడ ఆపాలో తెలీక గాల్లోనే ఉంచాడు. మేస్త్రీ వెనక నుంచి సీటు వీపు మీద నుదురు ఆనించాడు. వెచ్చగా ఉంది. ఇంజను వేడి అని మీరంటారు. అవును, ఇంజను వేడే.  ఇనుము ఎప్పుడో కావలసినంత వేడెక్కింది. చెవితోనే ఇంజను వేడి చెప్పగల మేస్త్రీకి ఆ సంగతి తెలుసు. చెప్పలేదు.

కూతురు అద్దం కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడోసారి అరచేత్తో బాదింది. ఏడుస్తూ బాదింది. మాస్టారు తాళం తిప్పాడు. ఇంజను ఆగింది. సీటు ఎప్పటిలాగే మెల్లగా పైకి లేచింది. సరిగ్గా అమరక పక్కన ముడత ఒకటి మిగిలింది. ఆయన దాన్ని సాపు చెయ్యలేదు.

మేస్త్రీ చేతికి తడి గోనెపట్టా చుట్టుకుని పనిలోకి దిగాడు. నట్లు ఒక్కొక్కటే మూలుగుతూ వదిలాయి. ఒక స్టడ్డు విరిగితే డ్రిల్లు పెట్టి తీశాడు. పాత మానిఫోల్డ్ ఊడొచ్చి రెండు చేతుల్లో బరువుగా కూర్చుంది. దాన్ని నేల మీద పడెయ్యలేక, తన చొక్కా పరిచి దాని మీద పెట్టాడు. ఇంజను మొహం మీది మసి గీకి, పొగ సందుల్లోంచి రాకుండా మధ్యలో పెట్టే గ్యాస్కెట్ కొత్తది వేసి, అటక మీది ముక్కని దించి కూర్చోబెట్టాడు. నట్లు మధ్యలోంచి మొదలుపెట్టి అటొకటి ఇటొకటిగా, ప్రతిదాన్నీ కొంచెం కొంచెంగా బిగిస్తూ అంచులదాకా వెళ్ళాడు. ఒక చివర నుంచి ఒకేసారి బిగిస్తే ఇనుము వంగి మళ్ళీ పగులుతుంది. అంత జాగ్రత్తగా అతను ఏ బండికీ బిగించి ఉండడు. పెడళ్ళ దగ్గర కొత్త రబ్బరు కూడా వేశాడు.

స్టార్టు చేశారు. నూనె కాలి కాస్త పొగ లేచి పోయింది. చప్పుడు ఎంత శుభ్రంగా ఉందంటే పాత కారు కొత్త మనిషిలా మాట్లాడుతున్నట్టుంది. కూతురు కళ్ళు తుడుచుకుని, "బావుంది మావయ్యా" అని చెప్పి డ్యూటీకి వెళ్ళిపోయింది.

సీటు దిగలేదు. అది అనుకున్నదే. అనుకున్నా మాస్టారు ఎదురు చూశాడు. షెడ్డులో నీడలు అటునుంచి ఇటు జరిగాయి. ఇంజను నడుస్తూనే ఉంది. చివరికి ఆయన తాళం తిప్పి కారు దిగాడు.

"ఏరా, ఆ పాతది మళ్ళీ పెట్టెయ్."

"బావా..."

"అద్దాలు తీసి తోలతాను. ఒట్టు. అంచున కూర్చున్నా చాలు నాకు. వానొస్తే ఇంట్లోనే ఉంటాను. పెట్టెయ్రా. అమ్మాయికి చెప్పొద్దు. నువ్వు పెట్టకపోతే ఇంకొకడు పెడతాడు. ఊళ్ళో నువ్వొక్కడివేనా మేస్త్రీవి?"

మేస్త్రీ స్పానర్ తీసుకున్నాడు. బానెట్ కింద వంగాడు. మొదటి నట్టు మీద స్పానర్ పెట్టి, తిప్పాడు కూడా. అతను తమ్ముడు. తల్లి పోయాక ఆ అక్క చంకలో పెరిగినవాడు. అతనికి మాత్రం చేదా? నట్టు సగం తిరిగింది.

అప్పుడు పక్కన నిలబడ్డ మాస్టారు సంతోషంగా అందుకున్నాడు. "ఇది తెలిస్తే మీ అక్క నన్ను చంపేస్తుంది. ఇంటికెళ్ళి నేనే చెప్పుకుంటాలే, నువ్వు మధ్యలోకి రాకు."

మేస్త్రీ తలెత్తి చూశాడు. ఆ మొహంలో హాస్యం లేదు. ఆయన నిజంగానే ఇంట్లో ఎవరో ఉన్నారనుకుంటున్నాడు. పొగ అంతదాకా తినేసింది.

మేస్త్రీ నట్టు మళ్ళీ బిగించాడు. స్పానర్ పెట్టేసి, మూల నుంచి సమ్మెట తెచ్చాడు. చొక్కా మీద పడుకున్న పాత మానిఫోల్డ్ ముందు నిలబడ్డాడు. మాస్టారికి అర్థమై "వద్దురా, వద్దురా" అని అడ్డం పడబోయేలోపు, "అక్కా" అని ఒక్క కేక పెట్టి కొట్టాడు. పోత ఇనుము వంగదు, ముక్కలవుతుంది. మళ్ళీ కొట్టాడు. అతుకు పెట్టడానికి ఎవరికీ వీల్లేకుండా అయ్యేదాకా కొట్టాడు. తర్వాత ఆ ముక్కల మధ్య మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. చేతులనిండా మసి. మసి తప్ప అందులో ఏమీ లేదు.

మాస్టారు కారెక్కి వెళ్ళిపోయాడు.

ఆయన బతికాడు. తలనొప్పి పోయింది, అన్నం సయించింది, గుండీలు వాటి వాటి కాజాల్లో పడ్డాయి. కొట్ల వాళ్ళకి మళ్ళీ దీర్ఘాలు గుర్తు చేస్తున్నాడు. కూతురు మావయ్య కాళ్ళ మీద పడింది. అతను కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు. కారు రోజూ షెడ్డు ముందు నుంచే పోయేది, ఆగేది కాదు. ఇంజను చప్పుడు దూరం నుంచి వినబడగానే మేస్త్రీ ఏదో ఒక బండి కిందికి దూరిపోయేవాడు.

ఎండలు ముదిరాక ఒక పొద్దున ఆ చప్పుడు షెడ్డు ముందు ఆగింది. మాస్టారు దిగి లోపలికొచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మనిషి బాగా తేరుకున్నాడు, కళ్ళు తేటగా ఉన్నాయి. అందుకే ఆ చూపుకి ఎదురు నిలవడం కష్టమైంది.

"నీమీద కోపం లేదురా" అన్నాడు. "ఒకటి అడగడానికొచ్చాను. నన్ను ఊరుకోబెట్టడానికి కాకుండా నిజం చెప్పు. ఆవేళ నువ్వు కొట్టినప్పుడు... మీ అక్కకి దెబ్బ తగిలిందంటావా?"

మేస్త్రీ తగల్లేదంటే, అందులో ఆవిడ లేనట్టే. అన్నాళ్ళూ ఇద్దరూ పొగతో కబుర్లు చెప్పినట్టే. వానలో తలుపు తీసింది ఎవరో మరి చెప్పాలి. తగిలిందంటే, చంకనెత్తుకు పెంచిన అక్కని అతను సమ్మెటతో కొట్టినట్టు. బావ ఎదురుగా నిలబడి, జవాబు కోసం అతని నోటి వంకే చూస్తున్నాడు.

మీరు అతని చోట ఉంటే, ఆ ముసలాయనకి ఏమని చెబుతారు?